లేబుల్ తీసిన డ్రమ్ము

ఖాళీ డ్రమ్ము ప్రమాదకర వ్యర్థమని చెబితే మా జిల్లాల్లో ఎవరూ నమ్మరు. నేను ఆ మాట చెప్పడం మొదలుపెట్టిన కొత్తలో సిరిసిల్లలో బట్టలకు రంగులేసే ఒక డైయింగ్ యూనిట్ యజమాని నవ్వి, "సార్, మా పెండ్లిళ్లన్ని గీ డ్రమ్ములతోనే అయితయి" అన్నాడు. నిజమే. నీలిరంగు ప్లాస్టిక్ డ్రమ్ము, పైన మూత కోసేస్తే మనిషి నడుము దాకా వస్తుంది. ఎండాకాలం రోజు విడిచి రోజు నల్లా వచ్చే వాడల్లో అంతకన్నా అక్కరకొచ్చే వస్తువు లేదు. అందులో ముందు ఏముండేదో అడిగే అలవాటు ఎవరికీ లేదు.

నేను పరిశ్రమల కాలుష్యం చూసే శాఖలో ఇంజినీరుగా పనిచేసి రిటైరయ్యాను. చివరి ఏళ్లలో జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల నా పరిధిలో ఉండేవి. ఇప్పుడు ఆ కుర్చీల్లో కూర్చున్న మీలాంటి పిల్లలు అప్పుడప్పుడు ఫోన్ చేసి, మీ అనుభవాలు రాయండి సార్ అంటారు. నేను చేసిన మంచి పనులు కొన్ని లేకపోలేదు. అవి ఫైళ్లలో ఉన్నాయి, నేనే రాసుకున్నాను కాబట్టి బాగానే ఉంటాయి. ఫైల్లో లేనిది ఒకటుంది. అది ఇప్పుడు రాస్తున్నాను. చదివాక నామీద మీకున్న గౌరవం కొంత తగ్గుతుంది, తగ్గాలనే రాస్తున్నాను.

ప్రమాదకర వ్యర్థాల మీద ప్రభుత్వ విధానం మీకు తెలిసిందే. మొట్టమొదట వ్యర్థం పుట్టకుండా చూడు. పుడితే తగ్గించు. తగ్గనిదాన్ని మళ్లీ వాడు. అది కుదరకపోతే వేరే పనికి మళ్లించు. ఏ దారీ లేనప్పుడే పూడ్చిపెట్టు. నాకు ఈ వరుస చాలా ఇష్టం. ఎక్కడ సదస్సు పెట్టినా బోర్డు మీద మెట్లు గీసి, పై మెట్టు మీద సుద్దముక్కతో రెండుసార్లు కొట్టి మరీ చెప్పేవాణ్ని. అప్పట్లో పైనుంచి వచ్చే ఉత్తరాల్లో అడిగేది కూడా ఒకటే: మీ పరిధిలో ప్రమాదకర వ్యర్థం పోయినేడు కంటే ఎంత తగ్గింది?

సిరిసిల్లలో అది తగ్గే దారి కనిపించలేదు. డైయింగ్ యూనిట్లలో బురద వస్తుంది, రసాయనాల ఖాళీ డ్రమ్ములు వస్తాయి. బురదను తగ్గించాలంటే యంత్రాలు మార్చాలి. మిగిలినవి డ్రమ్ములు. నియమాల ప్రకారం రసాయనం అంటిన ఖాళీ డ్రమ్ము వ్యర్థమే. కానీ దాన్ని శుభ్రంగా మూడుసార్లు కడిగి, ఆ కడిగిన నీళ్లను శుద్ధి ట్యాంకులోకే పంపితే, మళ్లీ వాడుకోవచ్చు. అంటే కడిగిన ప్రతి డ్రమ్మూ వ్యర్థాల పట్టికలోంచి బయటికి వస్తుంది. పట్టిక తగ్గుతుంది, నా ఉత్తరానికి జవాబు దొరుకుతుంది.

చిక్కల్లా ఒక్కటే. కడిగిన డ్రమ్ము ఏదో, కడగనిది ఏదో చూసి చెప్పలేం. దానికి నేనొక ఉపాయం కనిపెట్టాను. కడిగిన వెంటనే డ్రమ్ము మీది లేబుల్ పీకేయాలి. లేబుల్ ఉంటే కడగనట్టు, లేకపోతే కడిగినట్టు. గేటు దగ్గర నిలబడి ఒక్క చూపులో లెక్క తేలిపోతుంది. ఆ ఉపాయం తట్టిన రోజు నేను ఇంట్లో కూడా దాని గురించే మాట్లాడాను.

మా ఆఫీసులో అప్పుడే చేరిన ఒక అమ్మాయి ఉండేది, జగిత్యాల పిల్ల, నా కింద సహాయ ఇంజినీరు. తక్కువ మాట్లాడేది. ఆ సర్క్యులర్ టైపు చేయించి తెస్తూ నా టేబుల్ ముందు కాసేపు నిలబడింది.

"సార్, లేబుల్ పీకితే కడిగినట్టెట్ల అయితది?" అంది.

"కడిగినంకనే పీకుతరు గదమ్మా."

"కడుగుడుకు నీళ్లు గావాలె సార్. ఎండకాలం వాళ్లకు రంగులకే నీళ్లు లేవు. పీకుడుకు నీళ్లు అక్కర్లేదు."

నేను నవ్వి, నువ్వు కొత్తగా వచ్చావు, మనుషుల మీద కొంచెం నమ్మకం పెట్టుకో అన్నాను. ఆమె తలూపి వెళ్లిపోయింది. ఆ అమ్మాయి అడిగినంత సూటిగా ఆ తర్వాత ఆ సర్క్యులర్ గురించి ఎవరూ అడగలేదు. అడిగిన ఆ ఒక్క మనిషికి కూడా నేను జవాబు చెప్పలేదు, ఉపన్యాసం చెప్పాను.

ఆ ఏడు నా పరిధిలో ప్రమాదకర వ్యర్థం తగ్గింది. ఎంత తగ్గిందంటే, పైవాళ్లు ఫోన్ చేసి ఇది ఎలా చేశారని అడిగారు. తనిఖీకి పోయినప్పుడల్లా లేబుళ్లు లేని నీలి డ్రమ్ములు వరుసగా నిలబడి ఉండేవి. నేను ఒక్కదానిలోకి కూడా వంగి చూడలేదు.

ఇక్కడ మా దగ్గరి ఒక మర్యాద గురించి చెప్పాలి. తనిఖీకి వచ్చినవాళ్ల వెంట ఎవరుంటే వాళ్లకు, డ్రైవరుకో అటెండరుకో, ఎండాకాలం ఒక ఖాళీ డ్రమ్ము ఇచ్చి పంపుతారు. దాన్ని లంచం అని ఎవరూ అనుకోరు. పెరట్లో కాసిన సొరకాయ ఇచ్చినట్టే ఇస్తారు. నేను యూనిట్లలో చాయ్ కూడా తాగనివాణ్నని పేరు. ఆ పేరు కాపాడుకోవడానికి ఇంటి నుంచి ఫ్లాస్కు తీసుకుపోయేవాణ్ని. కానీ డ్రమ్ముల విషయం నా కంటికి ఆనలేదు.

మా బండి డ్రైవరుది కోనరావుపేట దగ్గరి ఊరు. వాళ్ల నాన్న తాటిచెట్లు ఎక్కి కల్లు గీసేవాడట, ఈయన చెట్టు వదిలి స్టీరింగ్ పట్టాడు. నాకంటే రెండేళ్లు పెద్ద. పదకొండేళ్లు నన్ను తిప్పాడు. ఒక్కతే కూతురు, కోరుట్లలో ఇచ్చాడు. అల్లుడు తాపీ పని, ఆమె ఇంట్లో బీడీలు చుట్టేది. ఆ ఎండాకాలం ఒకరోజు బండిలో వస్తూ ఆయన అడిగాడు.

"సార్, మా బిడ్డోళ్ల వాడల నల్లా సక్కగ అస్తలేదు. బిందెల్లో ఎన్నని పడుతది. మీరు ఒక మాట జెప్తే సేటు ఒక డ్రమ్ము ఇస్తడు."

ఆయన పదకొండేళ్లలో నన్ను అడిగింది అదొక్కటే. మొదట్లో చెప్పిన ఆ సిరిసిల్ల యజమానితో నేనే స్వయంగా చెప్పాను. ఆయన సంతోషంగా లోపలికి కేకేసి ఒక డ్రమ్ము తెప్పించాడు. లేబుల్ లేదు. నేను చూశాను, లేబుల్ లేదని చూశాను. డ్రైవరు దాన్ని బండి పైన తాడుతో కట్టి, మర్నాడు కోరుట్లలో దింపి వచ్చాడు.

మూడో రోజు సిరిసిల్లలో సదస్సు. ప్రమాదకర వ్యర్థాలు తగ్గించిన యూనిట్లకు సన్మానం, దానితోపాటు నా లేబుల్ పద్ధతి మీద నా ప్రసంగం. దాన్ని మిగతా జిల్లాల్లో కూడా పెడదామని పెద్ద అధికారులు వచ్చారు. ముందు వరుసలో మన యజమాని తెల్లచొక్కా వేసుకుని కూర్చున్నాడు. నాకు ముందు మాట్లాడేవారు ముగింపుకొచ్చారు. నేను వేదిక పక్క తలుపు దగ్గర కాగితాలు సర్దుకుంటున్నాను.

అప్పుడు డ్రైవరు వచ్చాడు. ఆయన హాల్లోకి ఎప్పుడూ రాడు. చేతిలో ఫోన్ ఉంది.

"సార్, మా బిడ్డ డ్రమ్ము కడుగుతాంటె కంట్ల ఏదో పడ్డదట. కన్ను మండి ఒర్రుతాందట. డాక్టర్ ఫోన్ల ఉన్నడు. గా డ్రమ్ముల ముందుగాల ఏముండెనని అడుగుతుండు."

మీకు ఇక్కడ కొంచెం రసాయనశాస్త్రం చెప్పక తప్పదు. ఆ యూనిట్‌కు నీలి డ్రమ్ముల్లో ప్రధానంగా వచ్చేది కాస్టిక్ సోడా ద్రావణం. బట్టను అద్దకానికి ముందు ఉడకబెట్టడానికి వాడతారు. చూడ్డానికి నీళ్లలాగే ఉంటుంది, వాసన రాదు. చేతికి తగిలితే సబ్బునీళ్లలా జారుతుంది. కంట్లో పడితే లోపలికి తినుకుంటూ పోతుంది. దానికి మొదటి మందు నీళ్లే, ఆపకుండా, గంటైనా సరే, పోస్తూనే ఉండాలి. ఇదంతా నాకు ఆ క్షణంలో తెలుసు. గుర్తు తెచ్చుకోవాల్సిన పని కూడా లేదు, నోట్లోనే ఉంది.

"కాస్టిక్ అని చెప్పు, నీళ్లు ఆపొద్దని చెప్పు." అంతే, రెండు ముక్కలు. ఆ రెండు ముక్కలు చెబితే వాటి వెనక ఇంకోటి కూడా ఒప్పుకున్నట్టే. డ్రమ్ము కడగలేదని. నేను మరో నిమిషంలో మైకు ముందు చెప్పబోయేది అబద్ధమని. ముందు వరుసలో కూర్చున్నాయనకు శాలువా కప్పకూడదని.

"కడిగిన డ్రమ్మే అది. అందులో ఏముండదు. నేను కనుక్కొని చెప్తా" అన్నాను.

డ్రైవరు ముఖంలోకి ప్రాణం వచ్చింది. ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని, "మా సారే చెప్పిండు డాక్టర్ సాబ్, కడిగిన డ్రమ్మేనట, ఏం లేదట" అంటూ బయటికి నడిచాడు. అంతలో మైకులో నా పేరు పిలిచారు.

ముప్పావుగంట మాట్లాడాను. బాగా మాట్లాడానని అందరూ అన్నారు. మధ్యలో రెండుసార్లు తలుపు వైపు చూశాను, డ్రైవరు కనిపించలేదు, కాబట్టి అంతా సర్దుకుని ఉంటుందని నాకు నేనే చెప్పుకున్నాను. చప్పట్లు అయ్యాక, శాలువాలు అయ్యాక, యజమానిని పక్కకు పిలిచి అడిగాను. ఆయన యూనిట్‌కు ఫోన్ చేసి, డ్రమ్ములు చూసే మనిషిని లైన్లోకి తెచ్చి నాకిచ్చాడు.

"కాస్టిక్‌దే సార్" అన్నాడతను. కడిగారా అని అడిగాను. అతనికి నా ప్రశ్న అర్థం కాలేదు. "లేబుల్ పీకినం గద సార్. మీరు చెప్పినట్టే పీకినం" అన్నాడు. అతని గొంతులో దాపరికం లేదు, భయం కూడా లేదు. పై అధికారి చెప్పిన పని తు.చ. తప్పకుండా చేసిన మనిషి గొంతు అది.

బయటికి పరుగెత్తాను. డ్రైవరు బండి దగ్గర నిలబడి ఉన్నాడు. కాస్టిక్ అని చెప్పాను. ఆయన డాక్టరుకు ఫోన్ చేశాడు. ఆ డాక్టరు చేయాల్సిందే చేశాడు, మొదట నీళ్లు పోసి కడిగాడు. ఆమె డ్రమ్మును సర్ఫ్ వేసి తోముతోందని తెలిసి, డ్రమ్ములో ఏమీ లేదని నా మాటగా విని, సర్ఫ్ నీళ్లు పడి ఉంటాయనుకున్నాడు. నీళ్లు ఆపి, చుక్కలు వేసి, కట్టు కట్టి పడుకోబెట్టాడు. నిజం తెలిశాక కట్టు విప్పి మళ్లీ మొదలుపెట్టాడు. అప్పటికి గంట దాటింది.

జగిత్యాలకు తీసుకుపోయారు, అక్కడి నుంచి హైదరాబాదు. అక్కడి కంటి డాక్టర్‌తో నేనే మాట్లాడి ఏర్పాట్లు చేశాను. ఎడమ కన్ను పోయింది. ఆ మొదటి గంట నీళ్లు ఆపకుండా పోసి ఉంటే కొంత చూపు నిలిచేదేమోనని అక్కడి డాక్టర్ నాతో అన్నాడు. ఆ మాట నాతో మాత్రమే అన్నాడు, నేను దాన్ని నాతోనే ఉంచుకున్నాను.

వారం తర్వాత మా జగిత్యాల అమ్మాయి ఒక నోట్ రాసి తెచ్చింది. ఒకటిన్నర పేజీ. డ్రమ్ము ఎక్కడిది, ఎలా బయటికి వచ్చింది, ఎవరికి ఏమైంది, సర్క్యులర్ ఎందుకు రద్దు చేయాలి. అందులో నా మీద ఒక్క చెడ్డ మాట లేదు. ఉన్నదంతా జరిగింది జరిగినట్టే ఉంది, అదే నాకు కష్టమైంది.

"ఇది ఇంట్లో జరిగింది గదమ్మా, యూనిట్ల గాదు. మనకు సంబంధం రాదు" అన్నాను.

"మన బండి మీదనే పోయింది సార్" అంది.

నేను నోట్ మీద 'చూశాను' అని రాసి, సంతకం పెట్టి, బీరువాలో పెట్టాను. సర్క్యులర్‌ను మాత్రం మార్చాను. ఇకపై లేబుళ్లు తీయరాదు అని ఒక్క వాక్యం, కారణం రాయలేదు. యజమాని మీద చర్య తీసుకోలేదు. తీసుకోవాలంటే డ్రమ్ము అడిగిందెవరో రాయాలి. ఆయనకూ అది తెలుసు, అందుకే నాతో ఇంకా మర్యాదగా ఉండేవాడు. ఆ అమ్మాయి ఆ తర్వాత నాతో పని మాటలు తప్ప మాట్లాడలేదు. ఇప్పుడు పెద్ద హోదాలో ఉంది. నేను రాసిన ఒక్క సర్క్యులర్‌ను కూడా ఎక్కడా ఉదహరించదని విన్నాను.

డ్రైవరు మాత్రం నన్ను మెచ్చుకోవడం మొదలుపెట్టాడు. అది ఎలా భరించానో ఇప్పటికీ తెలియదు. కొండగట్టుకు మొక్కు చెల్లించడానికి పోయినప్పుడు నన్నూ తీసుకుపోయాడు. కింద చాయ్ హోటల్లో పక్కన కూర్చున్న ముక్కూ మొహం తెలియనివాళ్లకు చెప్పాడు: "గీ సార్ లేకుంటె నా బిడ్డ రెండో కన్ను గూడ పోతుండె. హైదరాబాద్ల డాక్టర్‌తోని తనే మాట్లాడిండు." నేను చాయ్ గ్లాసులోకి చూస్తూ కూర్చున్నాను. కాదని ఒక్క మాట అనలేదు. అలాంటి హోటళ్లలో ఎన్నిసార్లు కూర్చున్నామో, అన్నిసార్లూ అనలేదు.

ఆయన నాకంటే ముందు రిటైరయ్యాడు, తర్వాత నేను. కుర్చీ పోయాక మనిషికి ధైర్యం వస్తుందంటారు. నాకు వచ్చింది ధైర్యం కాదు, తీరిక. ఉదయం పూట ఏ పనీ లేనప్పుడు ఆ తలుపు దగ్గరి నిమిషమే గుర్తుకొచ్చేది. ఒకరోజు ఎవరికీ చెప్పకుండా బస్సెక్కి కోరుట్ల పోయాను.

ఆమె గుమ్మంలో కూర్చుని, ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడుతోంది. నన్ను చూసి లేవబోయింది, వద్దన్నాను. కుర్చీ వేయించి, మంచినీళ్లు ఇచ్చి మళ్లీ చాట ముందేసుకుంది. తునికాకు కత్తిరించేటప్పుడు తల పూర్తిగా ఎడమవైపు తిప్పి, మంచి కన్నుతో చూస్తోంది. ఒక్కో ఆకుకు అలా తిప్పాలి. ముందు చుట్టినంత చుట్టలేకపోతున్నానని, కార్ఖానాలో మూతి సరిగా మడవలేదని ఏరి పారేస్తున్నారని, అడగకుండానే చెప్పింది. ఫిర్యాదులా చెప్పలేదు, వానలు లేవు అన్నట్టు చెప్పింది.

"బిడ్డా, నీకొక సంగతి చెప్పాలని వచ్చిన" అన్నాను. "ఆ రోజు మీ బాపు ఫోన్ తెచ్చినప్పుడు, ఆ డ్రమ్ముల కాస్టిక్ వస్తదని నాకు తెలుసు."

చేతిలో ఆకు ఆగింది. "ఎరుకుండి చెప్పలేదా సార్?"

"చెప్పలేదు."

"ఎందుకు?"

నేను జవాబులు చాలా తయారు చేసుకుని వెళ్లాను, బస్సులో ఒకటికి పదిసార్లు అనుకున్నాను. అక్కడ అవేవీ నోటికి రాలేదు. "అప్పుడే నన్ను స్టేజీ మీదికి పిలిచిండ్రు. చెప్తే నా పరువు పోతదనుకున్న" అన్నాను.

నన్ను తిట్టినా, లేచి పొమ్మన్నా బాగుండేది. ఆమె చాటలోని తంబాకును వేళ్లతో అటూ ఇటూ సర్దింది. లోపల ఎవరో టీవీ పెట్టారు, ఆమె తల తిప్పి తగ్గించమంది.

"మైకుల మిమ్ముల పిలుసుడు నాకు గూడ ఇనచ్చింది సార్. డాక్టర్ ఫోన్ స్పీకర్ల పెట్టే ఉంచిండు. మా సార్ చెప్పిండు అని బాపు అంటాంటె, ఇగ భయం లేదనుకున్న" అంది. ఆ వెంటనే అడిగింది, "బాపుకు చెప్పిండ్రా గిది?"

"లేదు. ఇక్కడికెల్లి అక్కడికే పోదామనుకుంటున్న."

"చెప్పకుండ్రి" అంది. ఈసారి నా వైపు పూర్తిగా తిరిగింది, రెండు కళ్లూ కనిపించాయి. "ఆయినకు గొప్పగ చెప్పుకోను ఏమున్నది సార్. పదకొండేండ్లు మీ బండి నడిపిన అని చెప్పుకుంటడు. మా సార్ అసొంటోడు ఎక్కడ లేడంటడు. నా కన్ను ఎట్లాగు పోయింది, ఆ గొప్ప గూడ ఆయిన దగ్గర తీసుకోకుండ్రి. డ్రమ్ము నేనే తెచ్చిస్తినని ఇప్పటికే ఏడుస్తడు."

సరేనన్నాను. కోనరావుపేట పోలేదు. పోయిన ఎండాకాలం ఆయన చనిపోయాడు, చివరిదాకా నన్ను తలచుకుంటూనే ఉన్నాడట. దినాలకు వెళ్లినప్పుడు ఇది రాయవచ్చా అని ఆమెను అడిగాను. పేర్లు లేకుంటే రాసుకోండి అంది.

మీకు చెప్పాల్సింది ఇంకొకటి మిగిలింది, దాన్ని కూడా దాచుకుంటే ఇదంతా రాసి లాభం లేదు. ఆ రోజు చెప్పకుండ్రి అని ఆమె అనగానే నా గుండెల మీంచి బరువు దిగింది. ఆయన ముందు నిలబడే అవసరం ఇక లేదు కదా. తిరుగు బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది, గాలి చల్లగా తగిలింది, కన్ను మూతపడి ఇల్లు చేరేదాకా హాయిగా నిద్రపోయాను. తలుపు దగ్గర చెప్పని ఆ రెండు ముక్కలకు సిగ్గుపడుతూనే ఉన్నాను. కానీ ఆ నిద్ర గుర్తొచ్చినప్పుడు పడేంత సిగ్గు దానికీ పడను.